పాటగాడి బయో

జూలై 7, సోమవారం

డాక్టరుగారు మాట్లాడొద్దన్నారు. గుసగుసలు కూడా వద్దట. గుసగుసలాడితే గొంతుకి ఇంకా ఎక్కువ శ్రమట. ఆ మాట విన్నప్పుడు మా ఆవిడ దుర్గ మొహంలో కనిపించింది దిగులేనో, కాస్త సంతోషం కూడా ఉందో, తేల్చుకోలేకపోయాను.

రాజమండ్రి నుంచి కారులో వస్తున్నంతసేపూ తల ఊపుతూనే వచ్చాను. ఇంటికి రాగానే మా చెల్లెలి కూతురు హారతి ఒక పలక, బలపాల పెట్టె, ఈ డైరీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"పలక అత్తయ్యతో మాట్లాడ్డానికి మావయ్యా. డైరీ నీతో నువ్వు మాట్లాడుకోడానికి."

డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చునే ఏవో కంపెనీలకి ప్రకటనలు రాస్తోంది హారతి. అలాంటి మాటలు దానికి ఊరికే వచ్చేస్తాయి.

నాతో నేను ఎప్పుడు మాట్లాడుకున్నాను? పంతొమ్మిదో ఏటి నుంచీ పొద్దున్నే అరటి మార్కెట్లో నిలబడి గెలల వేలం పాట పాడినవాణ్ణి. నోరు తెరిస్తే అది ఊరందరికీ. ఇంట్లో మంచినీళ్ళడిగినా పక్కింటివాళ్ళు గ్లాసు పట్టుకొచ్చేవారని దుర్గ వెక్కిరిస్తూ ఉంటుంది.

గొంతులో పెరిగిన కండ కోసి తీసి, ఆ ముక్కని పరీక్షకి పంపారు. "ఏమీ ఉండదనే అనుకుంటున్నానండి. పంపడం పద్ధతి, అంతే" అన్నారు డాక్టరుగారు. పద్ధతి అన్నాక దాని గురించి ఆలోచించడానికేం లేదు. నేను ఆలోచించడం లేదు.

జూలై 8

ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

రాశాక నవ్వొచ్చింది.

జూలై 10, గురువారం

హారతి నాకు ఫేస్‌బుక్ పెట్టింది. "ఎలాగూ మాట్లాడలేవు కదా, రాయి. పొద్దుపోతుంది" అంది. ఫొటో దుర్గ తీసింది. లోపలికి వెళ్ళి, మార్కెట్‌కి వేసుకెళ్ళే తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి కూర్చున్నాను. ఎందుకో మరి.

"ఇప్పుడు బయో రాయాలి మావయ్యా."

పలక మీద రాశాను: అంటే?

"నువ్వెవరో తెలీనివాడు నీ పేజీకి వచ్చాడనుకో. రెండు ముక్కల్లో నువ్వెవరో వాడికి తెలియాలి. నీ దగ్గర ఎందుకు ఆగాలో కూడా తెలియాలి. నూటొక్క అక్షరాలే ఇస్తాడు."

నూటపదహార్లు కూడా ఇవ్వడా?

చదివి పకపకా నవ్వింది. గుణింతానికో అక్షరం, ఒత్తుకో అక్షరం లెక్కేస్తారట. ఖాళీ వదిలినా లెక్కేనట.

సాయంత్రం దాకా కూర్చుని రాశాను. జగన్నాథరావు, తండ్రి కీర్తిశేషులు సూర్యారావు, స్వగ్రామం ఈతకోట, ప్రస్తుత నివాసం రావులపాలెం, వృత్తి అరటి మార్కెట్‌లో వేలం పాట, భార్య వెంకటదుర్గ, సంతానం లేదు.

"ఇది బయో కాదు మావయ్యా, రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు" అంది హారతి. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చింది. చివరి మాట దగ్గర మాత్రం ఏమీ అనకుండా కొట్టేసి, పెన్ను మూత పెట్టింది.

జూలై 12, శనివారం

నిన్న రాత్రి భోజనాల దగ్గర నేనే పలక మీద రాసిచ్చాను: రావులపాలెం పాటగాడు. రెండు మాటలు. మార్కెట్లో నన్ను అందరూ అనేదదే. హారతికి నచ్చింది. "పొట్టిగా ఉంది, పౌరుషంగా ఉంది" అని అదే పెట్టేసింది.

పొద్దున్న ఫోన్ తీస్తే ఒక మెసేజ్. పిఠాపురం నుంచి రాజరత్నంగారట. దుర్గ పైకి చదివింది.

"నమస్కారమండి. శ్రావణమాసంలో మా భజన సమాజానికి వచ్చి నాలుగు పాటలు పాడగలరాండి? రానూ పోనూ మేమే చూసుకుంటామండి. మీ ఫొటోలో మంచి కళ ఉందండి."

దుర్గ కూలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. నాకూ పొట్ట కదులుతోంది గానీ చప్పుడు లేదు. చప్పుడు లేకుండా నవ్వితే పక్కటెముకలు నొప్పెడతాయని ఇవాళే తెలిసింది.

అయ్యా, నేను పాట పాడేది అరటి గెలలకండి అని జవాబు రాశాను.

కాసేపటికి ఆయన రాశారు: "పర్వాలేదండి. ప్రసాదానికి అవీ కావాలండి."

బయోలోంచి పాటగాడు తీసేయించాను. తీసేశాక ఆ చోటు తెల్లగా ఉండిపోయింది.

జూలై 14, సోమవారం

ఫేస్‌బుక్‌లో ఊరికే వెతుకుతూ ఉంటే సత్తియ్య దొరికాడు. మా మార్కెట్లో గెలలు కొనడానికి తుని నుంచి లారీతో వచ్చేవాడు.

వాడి ఫొటో. లారీ ముందు, లుంగీ పైకి కట్టి, ఎండకి కళ్ళు చికిలించి. పేరు కింద వాడి బయో: "కాయ కావాలంటే తుని సత్తియ్య. పొద్దున్న ఆరు నుంచి ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి."

సంక్రాంతి వెళ్ళిన వారంలో పోయాడు. గుండె. కాకినాడ తీసుకెళ్ళేలోపే. అంత్యక్రియలకి నేనూ వెళ్ళాను.

మేలో వాడి పుట్టినరోజుట. చాలామంది రాశారు, నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని. పేర్లు చూస్తే నేనెరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. వాడు పోయినట్టు తెలియనివాళ్ళు. ఎక్కడో ఒరిస్సాలో ఎవరో వాడికి కేకు బొమ్మ పంపారు.

కిందికి పైకి జరుపుతూ చాలాసేపు చూశాను. వాడు ఇంకా ఫోన్ చెయ్యమంటున్నాడు.

జూలై 15

రిపోర్టు రాలేదు. ఇంకోసారి చూడ్డానికి హైదరాబాదు పంపారట. దుర్గ ఫోన్లో కనుక్కుంది. ఇంకోసారి ఎందుకో అడగలేదట. నేనూ అడగమనలేదు.

జూలై 16

మినపట్లు బాగున్నాయి.

జూలై 18, శుక్రవారం

మెలకువ మాత్రం అదే వేళకి వచ్చేస్తోంది. ఈపాటికి కొత్తపేట వైపు నుంచి గెలల ఆటోలు వస్తూ ఉంటాయి అనుకుంటూ పడుకుంటున్నాను.

నేను మొదలుపెట్టిన రోజుల్లో ఆటోలు ఎక్కడివి? సైకిళ్ళు. హ్యాండిల్‌కి రెండు, వెనక నాలుగు, మధ్య కడ్డీ మీద ఇంకో రెండు గెలలు కట్టి, సైకిల్ కనపడకుండా, ఎక్కడానికి చోటు లేకుండా, గోదావరి లంకల నుంచి నడిపించుకుంటూ వచ్చేవారు. మంచులో దూరం నుంచి చూస్తే అరటి తోటే నడిచొస్తున్నట్టు ఉండేది. గెలలు దించి వరసగా పేర్చేవారు. పచ్చి కాయ వాసన, తడి ఆకు వాసన, టీ కొట్టు పొగ. జిగురు అంటి అందరి చొక్కాలూ నల్ల మచ్చలే. నా చొక్కాల మచ్చలు వదలగొట్టాలని దుర్గ చెయ్యని వైద్యం లేదు.

నేను గెలల వరస ముందు నిలబడి గొంతు సవరించుకుంటే చాలు, టీ కొట్టు దగ్గర గ్లాసులు దిగేవి. ముందు ఊరు, తరవాత రైతు పేరు, ఆ తరవాత కాయ పేరు. "జొన్నాడ సూరన్నగారి చక్కెరకేళి!" ఆ మూడూ చెప్పకుండా ధర ఎత్తేవాణ్ణి కాదు. నాకది ఎవరూ నేర్పలేదు. పేరు లేకుండా సరుకుని ఎలా పాడాలో నాకు తెలియలేదు, అంతే. ఒకటోసారి, రెండోసారి అంటూ ఉంటే హైవే మీద బస్సు కండక్టర్లు "రావులపాలెం వచ్చేసిందండీ, జగన్నాథరావుగారు వినపడుతున్నారు" అని ప్రయాణికులకి చెప్పేవారట. నిజమో వేళాకోళమో. నాకు మాత్రం నిజమే.

సత్తియ్య కుడిపక్క స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. చెయ్యెత్తేవాడు కాదు, అరిచేవాడు కాదు. కనుబొమ్మ ఎగరేసేవాడు. అంతమందిలో ఆ కనుబొమ్మ కోసం నేను చూసేవాణ్ణి. పాట ఆగిపోయి, రైతు మొహం వాడిపోయి, నేను మూడోసారి అనబోతూ ఉంటే ఆ కనుబొమ్మ లేచేది. వాడికి ఆ కాయ అవసరం లేదని నాకు తెలుసు. లారీ అప్పటికే నిండిపోయి ఉండేది.

"ఎందుకురా?" అని అడిగితే, "నువ్వు మరీ అంత బాగా పిలుస్తావు. వదిలేస్తే పాపం తగుల్తాది" అనేవాడు.

మాట్లాడలేనప్పుడు ఇవన్నీ ఎక్కువగా వినిపిస్తున్నాయి.

జూలై 19, శనివారం

పిచ్చి పని చేశాను. సత్తియ్య పేజీలో మెసేజ్ అని ఉన్న చోట నొక్కి రాశాను: ఏంరా సత్తియ్యా, ఎలా ఉన్నావు. నాకు గొంతు పోయిందిరా.

రాసి ఫోన్ పక్కన పెట్టి, దుర్గకి బెండకాయలు తరిగి పెట్టాను. ఫోన్ టింగుమంది. సత్తియ్య ఫొటో. సత్తియ్య పేరు. కత్తిపీట పక్కకి తోసి ఫోన్ తీశాను.

"బాబాయిగారండీ, నేను సత్యవాణినండి. నాన్న ఫోన్ నా దగ్గరే ఉంచుకున్నానండి. మీకు గొంతు ఏమైందండీ?"

వాడి కూతురు. తునిలో బడిలో పాఠాలు చెబుతుంది. అంతా రాశాను, ముక్క పరీక్షకి పంపినదొక్కటీ తప్ప. అదీ రాశాను చివరికి. దుర్గతో కూడా ఆ మాట ఎత్తలేదు, ఎదుట లేని పిల్లకి రాసేశాను.

 జవాబు ఇలా వచ్చింది:

"ఏమీ ఉండదు బాబాయిగారూ. నాన్న ఎప్పుడూ అనేవారండి, జగన్నాథం గొంతుకి దిష్టి తియ్యాలి అని. తియ్యలేదేమోనండి."

ఆ తరవాత ఆ పిల్ల ఒకటడిగింది. ఇంకా కొత్తవాళ్ళు ఆ బయో చూసి కాయ కోసం ఫోన్ చేస్తున్నారట. ప్రతిసారీ నాన్న లేరండి అని చెప్పాల్సి వస్తోందట. మారుద్దామని కూర్చుంటే చెయ్యి రావడం లేదట. "ఆ ముక్కలు నాన్న నా పక్కన కూర్చుని చెప్తే నేనే కొట్టానండి. చెరిపెయ్యలేకపోతున్నాను. మీరు వేరేది రాసివ్వగలరాండి? మీరిస్తే మారుస్తాను."

నా గురించి నాలుగు ముక్కలు రాయలేనివాణ్ణి. సరేనని రాసేశాను.

జూలై 20

కాయ వ్యాపారి. కాదు.

మంచి మనిషి. అందరూ మంచివాళ్ళే, పోయాక.

జూలై 22, మంగళవారం

స్నానం చేస్తూ ఉంటే వచ్చేసింది. తడి చేత్తోనే వచ్చి పలక మీద రాసి దుర్గకి చూపించాను.

తుని సత్తియ్య. కాయని చూసి కాదు, తెచ్చినవాడి మొహం చూసి పాట పెంచినవాడు.

దుర్గ చదివి పలక ఒళ్ళో పెట్టుకుంది. "మనింట్లో పులస కూర తింటూ, ముల్లు గుచ్చుకున్నా బాగుందనేవాడండి అన్నయ్య" అంది. ఆ పలక చాలాసేపు ఇవ్వలేదు. 

హారతి లెక్కపెట్టింది. నూటొక్కటి లోపే ఉందట. "పెంచినవాడు అంటే చాలు మావయ్యా, ఇక లేడని వేరే చెప్పక్కర్లేదు" అంది. ఆ సంగతి నేను చూసుకోలేదు. పిల్లకి పని వచ్చు.

సత్యవాణికి పంపాను. సాయంత్రానికి మార్చింది. కింద ఎవరెవరో రాయడం మొదలుపెట్టారు. ఊబలంక రైతొకాయన రాశాడు: "తుపాను వచ్చిన ఏడాది విరిగిన గెలలు కొన్నది ఈయనేనండి." ఇంకొకాయన: "మాది పెరవలండి, మావీ కొన్నారండి." కేకు బొమ్మ పంపిన ఒరిస్సా ఆయన వాళ్ళ భాషలో ఏదో రాసి దణ్ణం బొమ్మ పెట్టాడు.

జూలై 24

రేపు రాజమండ్రి. రిపోర్టు వచ్చిందట. ఫోన్లో చెప్పరట, రమ్మన్నారు.

ఫోన్లో ఎందుకు చెప్పరు?

బయట వాన. దుర్గ కారు మాట్లాడింది.

జూలై 25, శుక్రవారం

ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు.

డాక్టరుగారు ఆ కాగితం మీద వేలు పెట్టి చదివి చెప్పారు. దుర్గ రెండుసార్లు చదివించుకుంది. అందరికీ అంతేనట, ఏ రిపోర్టయినా ఫోన్లో చెప్పరట. ఆ ఒక్క ముక్క నిన్న చెప్పి ఉంటే!

తరవాత కెమెరాతో గొంతు చూశారు. పుండు మానిందట, మెల్లగా మాట్లాడొచ్చట. "పాట?" అని దుర్గ అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇక ఎప్పుడూ వద్దండి. మళ్ళీ అరిస్తే మళ్ళీ కాయ కాస్తుంది." కాయ అనే అన్నారాయన. నా పని ఆయనకి తెలుసో లేదో.

"ఏదీ, ఒక మాట అనండి" అన్నారు.

ఏమనాలో తోచలేదు. "దుర్గా" అన్నాను.

ఎవరో పక్క గదిలోంచి పిలిచినట్టుంది. ఆమె తలుపు వైపు చూసి, అప్పుడు నా వైపు చూసింది.

జూలై 28, సోమవారం

మార్కెట్‌కి వెళ్ళాను. ఊరికే, చూసి రావడానికి. శ్రావణం కదా, అడుగు పెట్టడానికి చోటు లేదు.

నా చోట సురేష్‌బాబు పాడుతున్నాడు. కమీషన్ కొట్టువాళ్ళ అబ్బాయి. భుజానికి చిన్న స్పీకరు, చెవి దగ్గర మైకు. వరసలకి నంబర్లు వేశారు. "పదకొండో నంబర్, కర్పూరం. పన్నెండో నంబర్, చక్కెరకేళి." గబగబా అయిపోతోంది. తప్పేమీ లేదు. బాగానే పాడుతున్నాడు. స్పష్టంగా ఉంది. నాకేమీ అనిపించలేదు.

అందరూ పలకరించారు. నేను జవాబు చెబితే ఎవరికీ వినపడలేదు. ఆ రొదలో నా పెదాలు కదలడం చూసి, అర్థమైనట్టు తలలూపారు.

టీ తాగకుండా వచ్చేశాను.

జూలై 29

తువ్వాలు ఉతకమని వేశాను. మడిచి బీరువాలో పెట్టెయ్యమన్నాను.

ఆగస్టు 2, శనివారం

మధ్యాహ్నం హారతి మళ్ళీ అడిగింది. "మావయ్యా, నీ బయో ఇంకా ఖాళీగానే ఉంది."

"ఏముందే రాయడానికి? ఉన్నదేదో పోయింది" అన్నాను.

దుర్గ మునగాకు దూస్తోంది. తలెత్తకుండానే అంది, "హారతీ, నేను చెప్తాను, రాయి."

"చెప్పు అత్తయ్యా."

"మీ మావయ్య పెళ్ళిచూపులకి రాకముందే నేనాయన్ని విన్నాను. మా నాన్నతో గెలలేసుకుని మార్కెట్‌కి వచ్చేను ఓ రోజు, పండక్కి బట్ట కొనుక్కుందామని. మా నాన్నది కౌలు సేద్యం. ఊబలంకలో చిన్నా పెద్దా అందరికీ ఆయన ఒరే అప్పన్నే. ఆ రోజు అంత జనంలో, అంత పెద్ద గొంతుతో, ఊబలంక అప్పన్నగారి అమృతపాణీ అని వినిపించింది. అప్పన్నగారు ఎవరా అనుకున్నాను. మా నాన్న! తిరిగెళ్ళేటప్పుడు దారంతా నన్నడుగుతూనే ఉన్నాడు, విన్నావా, విన్నావా అని. ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పమన్నాడు. ఆయన చెప్పుకోలేడుగా."

నేను నోరు తెరిచాను. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకు తెలియదు.

"ఎప్పుడూ చెప్పలేదేంటి?" అన్నాను.

"మీరు వినేవారేంటండీ? మీ గొంతు తగ్గితే కదా ఇంకోళ్ళది వినపడేది" అంది. కోపంగా అనలేదు. మునగాకు ఈనెలు ఏరి పక్కన పెట్టింది. "సంబంధం వచ్చినప్పుడు, ఆ గారు అన్నాయనేనా అని ఒక్కటే అడిగాను. అవునన్నారు. సరే అన్నాను."

హారతి రాయడం ఎప్పుడో మానేసింది.

ఆగస్టు 3, ఆదివారం

నేనే రాశాను. ఎవరినీ అడగలేదు.

రావులపాలెం. రైతుల పేర్లు పిలిచేవాణ్ణి. ఇప్పుడు గొంతు చిన్నది. దగ్గరికి రండి.

హారతి చూసి, "ఆ చివరి మాట ఎక్కడ నేర్చుకున్నావు మావయ్యా? చదివినవాడు ఏం చెయ్యాలో చెప్పే మాట అది, దాన్నే కాల్ టు యాక్షన్ అంటారు. నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను" అంది.

పిఠాపురం రాజరత్నంగారు అందరికంటే ముందు లైక్ కొట్టారు. "మీ ఇంటికే వచ్చి వింటామండి" అని రాశారు.

ఆగస్టు 5

సురేష్‌బాబు ఇంటికొచ్చాడు. బయో చూశాడట. దుర్గ టీ ఇచ్చేదాకా అసలు సంగతి చెప్పలేదు.

"బాబాయ్, రైతులు అడుగుతున్నారండి, మా పేరు చెప్పవేంటని. నాకు పేర్లు రావండి. మొహాలే సరిగ్గా తెలీవు. మీరొచ్చి నా పక్కన నిలబడి చెవిలో చెప్తే, నేను మైకులో అంటాను. మీకు ఇబ్బంది లేకపోతేనే సుమండీ."

ఆలోచించి చెబుతానన్నాను. వాడు గేటు దాటకముందే దుర్గ బీరువా తీసింది.

ఆగస్టు 7, గురువారం

రేపు వరలక్ష్మీ వ్రతం. మార్కెట్ కిటకిటలాడిపోయింది.

మొదట ఇద్దరికీ కుదరలేదు. నేను చెప్పేలోపు వాడు నంబరు అనేసేవాడు. నా మాట వినడానికి వాడు వంగితే స్పీకరు కీచుమనేది. జనం నవ్వారు. నాలుగు వరసలయ్యాక దారిలో పడ్డాం. ఊరు, పేరు, కాయ. నేను ఊపిరంత మెల్లగా అంటే, అది వాడి భుజం మీంచి మార్కెట్ అంతా వెళ్ళింది. పేరు వినపడినప్పుడల్లా ఎక్కడో ఒక తల పైకి లేచేది. పాట పాడిన రోజుల్లో నేను కొనేవాళ్ళ వైపే చూసేవాణ్ణి. ఇవాళ తెచ్చినవాళ్ళ వైపు చూడ్డానికి తీరిక దొరికింది.

చివరి వరసలో కర్పూరం గెలలు, ఓ పది ఉంటాయి. పక్కన పెద్దావిడ, తలమీద కొంగు. మనిషిని ఎరుగుదును. గోపాలపురం వీరన్నగారి భార్య. ఆయన ఉన్నన్నాళ్ళూ వెనకే వచ్చి గెలల దగ్గర కూర్చునేది. ఆయన పోయి ఏడాదైంది. సేద్యం ఆవిడే చేస్తోంది.

సురేష్‌బాబు వంగాడు. "వీరన్నగారివే కదా బాబాయ్?"

ఉండమని సైగ చేసి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, మీ పేరేంటి?"

"నా పేరెందుకు బాబూ? ఆయన పేరే చెప్పండి."

"పంట మీదే కదమ్మా."

ఆవిడ అటూ ఇటూ చూసి, ఎవరైనా వింటారేమో అన్నట్టు, నాకంటే మెల్లగా చెప్పింది. వచ్చి వాడి చెవిలో చెప్పాను.

"గోపాలపురం పెద్దింట్లమ్మగారి కర్పూరం!" అంది స్పీకరు.

ఆవిడ గబుక్కున వెనక్కి తిరిగి చూసింది, ఆ పెద్దింట్లమ్మగారెవరో వచ్చారేమోనని.